తల ఆరిందా?

2018 డిసెంబర్‌లో ఒక మంగళవారం, పొద్దున ఆరుంపావు. అమెరికాలోని మినియాపొలిస్‌లో ఆ వేళకి ఇంకా చిమ్మచీకటి. ఆ రోజుల్లో ఎనిమిది కావస్తుంటే గానీ సూర్యుడు మొహం చూపించడు. పూల్ నుంచి కారు దాకా మహా అయితే రెండొందల అడుగులు. ఆసుపత్రి ల్యాబ్‌లో ఏడింటికి డ్యూటీ ఎక్కాలి కాబట్టి తల ఆరబెట్టుకునే తీరిక లేదు. సీట్లో కూర్చుని బెల్టు లాక్కుంటుంటే వీపు మీద ఏదో కర్ర పొడిచినట్టయింది. చెయ్యి వెనక్కి పెట్టి చూస్తే నా జడే. కొస నుంచి మెడ దాకా గడ్డకట్టేసింది. వంచబోతే చిటచిటమంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో అప్పుడు సాయంత్రం అయిదూముప్పావు.

"ఏం చేస్తున్నావే?"

"ఈతకెళ్లి వస్తున్నానమ్మా."

"ఈ చలిలోనా? తల ఆరిందా?"

"ఆరింది."

ఆ శీతాకాలమంతా మా అమ్మ రోజూ అడిగిన ప్రశ్న అదే. నేను రోజూ చెప్పిన అబద్ధమూ అదే.

నేను కాలువ గట్టున పుట్టి పెరిగినదాన్ని. మా పెరటి గుమ్మం నుంచి చూస్తే నరసాపురం కాలువ కనిపించేది. మా అన్నయ్యలిద్దరూ అరటిబోదె కౌగిలించుకుని ఈత నేర్చుకున్నారు, తర్వాత వంతెన మీంచి దూకేవాళ్లు. నేను రేవు మెట్ల మీద నడుం లోతు దాకా దిగి బిందె ముంచుకుని వచ్చేదాన్ని. ఇంకో మెట్టు దిగితే మా నాయనమ్మ గట్టు మీంచి కేకేసేది. ఆడపిల్లకి ఈత ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. నలభై మూడేళ్లొచ్చాక, పదివేల సరస్సుల రాష్ట్రమని కారు నంబరు ప్లేట్ల మీద కూడా రాసుకునే మిన్నెసోటాలో ఆ లోటు గుర్తొచ్చింది.

పరుగు మాత్రం అంతకు ముందే అలవాటైంది. రెండు హాఫ్ మారథాన్లు చేశాను. మూడోదానికి మోకాలు మొరాయిస్తే ఫిజియోథెరపిస్ట్ సైకిలో ఈతో కలుపుకోమంది. రెండూ కలిపేస్తే ట్రయథ్లాన్ అవుతుంది కదా అని మా ఆయన వేళాకోళంగా అన్నాడు. ఆ వేళాకోళం పట్టుకుని నేను మరుసటి జూలైలో జరిగే ఒక ఒలింపిక్ దూరం రేసుకి డబ్బు కట్టేశాను. పదిహేను వందల మీటర్ల ఈత, నలభై కిలోమీటర్ల సైకిల్, పది కిలోమీటర్ల పరుగు, మధ్యలో ఆగకుండా. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆటని మొదటిసారి పెట్టినప్పటి దూరాలే ఇవి, అందుకే ఆ పేరు. ఐరన్‌మ్యాన్ అనేది దీనికి పెద్దన్నయ్య, దాని జోలికి నేను పోలేదు. జూలై రేసంటే నవంబర్ నుంచే మొదలెట్టాలి. అంటే ట్రైనింగులో సగానికి పైగా ఇక్కడి చలికాలంలోనే.

నవంబర్ మొదటి వారంలో కమ్యూనిటీ సెంటర్ పూల్‌లో పెద్దవాళ్ల ఈత క్లాసులో చేరాను. మొత్తం నలుగురం. తల నుంచి పాదాల దాకా కప్పే ఈత దుస్తులేసుకున్న ఒక సోమాలీ ఆవిడ, డెబ్భై దాటిన ఒక తెల్లాయన, కాలేజీ కుర్రాడు ఒకడు, నేను. స్విమ్ సూట్ దగ్గరే నాకు రెండు వారాలు పట్టింది. మోకాళ్ల దాకా వచ్చేది, చేతులున్నది వెతికి తెప్పించుకున్నాను. వేసుకుని లాకర్ రూమ్‌లో పది నిమిషాలు కూర్చుండిపోయాను. బయటికొస్తే ఒక్కళ్లు కూడా నా వంక చూడలేదు. అందరికీ గడియారం మీదే చూపు.

ఇక్కడి పూల్ పొడవు పాతిక గజాలు. పదిహేను వందల మీటర్లంటే దాదాపు అరవయ్యారు లెంగ్తులు. మొదటి రోజు నేను సగం లెంగ్తు కూడా దాటలేదు. మధ్యలో తాడు పట్టుకుని, పరుగుపందెంలో కూడా ఎప్పుడూ రొప్పనంత రొప్పాను. హాఫ్ మారథాన్ చేసిన మనిషిని, పన్నెండు గజాలకి ఇదేంటని ఏడుపొచ్చింది. టీచరు ఓపికగానే చెప్పింది గానీ అసలు గుట్టు పట్టుకుంది మా అమ్మాయి. దానికి పన్నెండేళ్లు, ఇక్కడే పుట్టింది, ఏడేళ్లప్పటి నుంచి స్కూలు తరఫున ఈదుతోంది. శనివారం నాతో వచ్చి, గట్టు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి తొంగిచూసింది.

"అమ్మా, నీకు బబుల్స్ రావట్లేదు."

"అంటే?"

"నువ్వు గాలి వదలట్లేదు. లోపలే దాచుకుంటున్నావు."

నిజమే. మొహం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగపట్టేస్తున్నాను. తల పైకెత్తిన ఆ అర క్షణంలో పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. రెండూ కుదరవు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గి కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని గుండె దడ పుడుతుంది. రోజూ రక్తంలో వాయువులు కొలిచే ఉద్యోగం నాది, ఆ సంగతి పన్నెండేళ్ల పిల్ల చెప్పాల్సొచ్చింది. ఇంకోటి కూడా చెప్పింది. నేను తల పైకెత్తి ఎదురుగా ఉన్న గోడ చూస్తున్నానట. తల లేస్తే కాళ్లు మునుగుతాయి, కాళ్లు మునిగితే గోడని తోసుకుంటూ పోయినట్టే. అడుగున ఉన్న నల్ల గీత చూడమంది. డిసెంబరంతా నా పని అదే. నల్ల గీత చూడటం, బుడగలు వదలడం. మా ఊరి కాలువలో పిల్లలు అయిదేళ్లకి చేసేవి ఈ రెండే.

సైకిల్ సంగతి వేరు. చిన్నప్పుడు నాన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినదాన్ని, దాని గురించి భయం లేదు. కానీ డిసెంబర్‌లో ఇక్కడి రోడ్ల మీద ఉప్పు, ఐసు తప్ప ఏమీ ఉండవు. అందుకని బేస్‌మెంట్‌లో, వాషింగ్ మెషిన్‌కీ హీటింగ్ ఫర్నేస్‌కీ మధ్య సైకిల్‌ని ట్రైనర్‌కి బిగించాం. వెనక చక్రం ఒక రోలర్ మీద తిరుగుతుంది, బండి ఉన్నచోటే ఉంటుంది. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే కాసేపు చూసి, "ఎక్కడికెళ్తున్నావే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

బేస్‌మెంట్‌లో తొక్కడం సుఖమనుకునేవాళ్లకి ఒక మాట. బయట తొక్కితే గాలి తగిలి చెమట ఆరిపోతుంది. లోపల గాలి ఉండదు. బయట మైనస్ పది, లోపల నేను ధారలు కార్చుకుంటూ. మొదటి వారం ఫ్యాన్ లేకుండా తొక్కాను. ఇరవై నిమిషాలకి కళ్లు తిరిగాయి. తర్వాత పెద్ద ఫ్యాన్ ఒకటి మొహానికెదురుగా, తువ్వాలు ఒకటి హ్యాండిల్ మీద. ఆ తువ్వాలు ఊరికే కాదు, ఉప్పు చెమట బోల్టుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది. ఫిబ్రవరిలో నా హ్యాండిల్ బోల్టు ఒకటి విప్పబోతే రాలేదు. మంగళ, గురువారాలు రాత్రి ఎనిమిదిన్నరకి, అంట్లు సర్దేసి, నలభై అయిదు నిమిషాలు. నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, అలా అయిదుసార్లు. గంటసేపు ఒకే వేగంతో తొక్కితే విసుగే గానీ కాళ్లకి బలం రాలేదు. మెషిన్‌లో బట్టలు తిరిగే చప్పుడు ఆగితే ఇంకో పది నిమిషాలుందని లెక్క.

పరుగు బయటే. ట్రెడ్‌మిల్ అంటే నాకు పడదు. యూఎస్ బ్యాంక్ స్టేడియం లోపలి నడవాల్లో చలికాలం కొన్ని సాయంత్రాలు జనాన్ని పరుగెత్తనిస్తారు, రెండుసార్లు వెళ్లాను, బావుంది. కానీ ఇంటి దగ్గరున్న నొకోమిస్ సరస్సు చుట్టూ బాటని పార్కువాళ్లు ఎప్పటికప్పుడు స్నో తీసి శుభ్రంగా ఉంచుతారు. అది వదులుకోలేకపోయాను. నేను గట్టు మీద పరుగెత్తుతుంటే సరస్సు మీద జనం ఐసుకి బెజ్జం పెట్టి, ముక్కాలిపీట వేసుకుని చేపలు పట్టేవాళ్లు. నాలుగంగుళాల మందం ఉంటే మనిషి నడవచ్చంటారు. ఆర్నెల్లలో నేను ఈదాల్సింది వాళ్ల బూట్ల కింద ఉన్న ఆ నీళ్లలోనే.

చలికి బట్టలేసుకోవడం నేర్చుకోవడానికే నెల పట్టింది. నూలు బనీను పనికిరాదు, చెమటకి తడిసి ఒంటికంటుకుంటే ఆగగానే వణుకు. లోపల సన్నటి ఉన్ని, పైన గాలి ఆపేది, అంతే. గుమ్మం దాటగానే కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టు. గుమ్మంలోనే హాయిగా ఉంటే రెండో మైలుకి ఉడికిపోతాం. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా వేళ్లన్నీ కలిసుండేవి వెచ్చగా ఉంటాయి. బుగ్గలకి వాజలీన్. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోవాలి, ఐసు పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూతి తెరిచుంటుంది. జేబులో రెండు ఖర్జూరాలు పెట్టుకెళ్లాను ఒకసారి. అరగంట తర్వాత నోట్లో వేసుకుంటే గులకరాళ్లు. అప్పట్నుంచి బయల్దేరే ముందు రాగిజావ తాగి వెళ్లడమే.

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్ అయింది. గాలి కలుపుకుంటే ఇంకా కింద. బడులు మూసేశారు, పోస్ట్‌మ్యాన్ కూడా రాలేదు. మా అమ్మాయి మరుగుతున్న నీళ్లు గిన్నెతో గాల్లోకి విసిరితే చుక్క కింద పడకుండా తెల్లటి పొగై పోయింది. ల్యాబ్‌కి మాత్రం సెలవుండదు. అమ్మ ఆ రోజు మూడుసార్లు ఫోన్ చేసింది. ఈత లేదని చెబితే, "మంచిదే, తల ఆరుద్ది" అంది.

అంత చలిలో నాకేమీ కాలేదు. అది తగ్గాకే అయింది. రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా వెచ్చబడి, స్నో కరిగి బాట మీదికి పారి, రాత్రికి మళ్లీ గడ్డకట్టింది. గట్టి చలిలో స్నో ఇసకలా కరకరలాడుతుంది, కాలు నిలుస్తుంది. ఇలా కరిగి గడ్డకట్టిన ఐసు మాత్రం గాజుపలకే, చీకట్లో కనిపించదు కూడా. సోమవారం పొద్దున, ఇంటికి నాలుగిళ్ల అవతల, రెండు కాళ్లూ ఒకేసారి లేచిపోయాయి. వెల్లకిలా కాదు, సరిగ్గా కూర్చున్నట్టు పడ్డాను. ఐసు మీద పట్టిచ్చే ముళ్ల తొడుగులు బూట్లకి వేసుకోవాల్సింది. అవి గుమ్మం దగ్గరే ఉన్నాయి.

విరగలేదన్నారు. కూర్చునే చోట ఎముక కమిలిందన్నారు. మూడు వారాలు పరుగు లేదు. సైకిల్ సీటు మాట తల్చుకోవడానికే లేదు. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు నిలబడి పని చేశాను. ఎవరైనా ఏమైందని అడిగితే ఏ ఎముకో చెప్పడానికి మొహమాటం. అమ్మకి అసలు చెప్పనేలేదు.

మిగిలింది ఈతొక్కటే. నీళ్లలో నొప్పి లేదు. అప్పటిదాకా వారానికి రెండుసార్లు, అదీ మొక్కుబడిగా పూల్‌కెళ్లేదాన్ని. నిజం చెప్పాలంటే సైకిలూ పరుగూ వచ్చు కాబట్టి వాటి మీదే శ్రద్ధ పెట్టి, రాని దాన్ని పక్కకి నెడుతున్నాను. ఇప్పుడు వేరే దారి లేక వారానికి అయిదు రోజులు వెళ్లాను. పొద్దున అయిదింటికి తలుపు తీయగానే లోపలుండేది ముగ్గురం. డెబ్భై దాటిన పెద్దాయన మూడో లేన్‌లో, నేను నాలుగో లేన్‌లో. ఆయన కూడా నాతో పాటు సున్నా నుంచి మొదలెట్టినవాడే. ఇద్దరం గోడ దగ్గర కలిసినప్పుడు వేళ్లతో లెక్క చూపించుకునేవాళ్లం. ఇవాళ ఎన్ని లెంగ్తులు? నాలుగు. మర్నాడు ఆరు.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక రోజు ఎనిమిది లెంగ్తులయ్యాక గోడ దగ్గర ఆగడం మర్చిపోయాను. ఆగాలనే అనుకున్నాను. కానీ కుడి పక్కకి తిరిగినప్పుడు గాలి దానంతటదే లోపలికొచ్చింది, వెతుక్కోలేదు. చెవిలో బుడబుడమనే చప్పుడు, కింద నల్ల గీత, ఇంకేమీ లేదు. ఇరవై రెండు లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్క తప్పాను. తల పైకెత్తితే పెద్దాయన తన లేన్‌లో నిలబడి, నీళ్ల మీద రెండు చేతులతో దబదబా కొడుతున్నాడు. చప్పట్లట.

ఆ ఫిబ్రవరిలో మినియాపొలిస్‌లో ముప్పై తొమ్మిది అంగుళాల స్నో పడింది. ఇక్కడ లెక్కలు రాయడం మొదలెట్టాక ఏ ఫిబ్రవరిలోనూ అంత పడలేదట. రోజూ వాకిట్లో పార పట్టడమే ఒక ట్రైనింగ్. విటమిన్ డి పరీక్ష చేయించుకుంటే అట్టడుగున ఉంది. మన ఒంటి రంగుకి, ఈ ఎండకి అది మామూలే, మాత్రలు రాసిచ్చారు. జుట్టు క్లోరిన్‌కి గడ్డిలా తయారైంది. పూల్‌లో దిగే ముందు మామూలు నీళ్లతో బాగా తడిపి, కొబ్బరినూనె రాసి, టోపీ పెట్టుకుంటే జుట్టు అంతగా క్లోరిన్ పీల్చదు. జడ టోపీలో పట్టక పొడుగు జుట్టువాళ్ల కోసం చేసే పెద్ద సైజు తెప్పించుకున్నాను. కత్తిరించుకోవచ్చు కదా అంది కూతురు. అమ్మ ఊరుకోదన్నాను.

మార్చిలో మళ్లీ సైకిలెక్కాను. ఏప్రిల్‌లో ఇంకోసారి స్నో పడి అందరి ఉసురూ తీసింది. నెలాఖరుకి బాటలు బయటపడ్డాయి, చలికి పగిలిన గుంతలతో సహా. పూల్‌లో అరవయ్యారు లెంగ్తులు ఆగకుండా అయ్యాయి. నాకిక ఈత వచ్చేసిందనుకున్నాను.

మే నెలాఖరులో అమ్మ వచ్చింది, మూడు నెలలుండటానికి. వచ్చిన నాలుగో రోజే నొకోమిస్ సరస్సులో నా మొదటి దిగుడు. చల్లటి నీళ్లలో ఈదేవాళ్లు వేసుకునే రబ్బరు వెట్‌సూట్ సీజన్‌కి అద్దెకి తెచ్చుకున్నాను. రబ్బరు ఒంటికి పట్టేసి ఎక్కదు. పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీంచి లాగితే జారుతుంది. మా ఆయన వెనక జిప్పు లాగుతుంటే, స్వెట్టరు మీద కొంగు చుట్టుకుని ఇసకలో నిలబడ్డ అమ్మ, "గేదెలా ఉన్నావే" అంది.

నీళ్లు పద్నాలుగు డిగ్రీల సెల్సియస్ ఉంటాయేమో. నడుం లోతు దాకా బాగానే ఉంది, అది రేవు లోతు. మొహం పెట్టగానే ఎవరో రొమ్ము మీద తన్నినట్టు ఊపిరి లోపలికి లాక్కుపోయింది. చల్లటి నీళ్లు ఒక్కసారిగా చర్మానికి తగిలితే ఒళ్లు చేసే పని అది, మన చేతిలో ఉండదు. కింద నల్ల గీత లేదు. ఆకుపచ్చ చీకటి, నా చేతులే నాకు సరిగ్గా కనిపించలేదు. ఆర్నెల్ల బుడగలన్నీ మర్చిపోయి తల పైకెత్తి కుక్కలా కాళ్లూ చేతులూ కొట్టుకున్నాను. ముప్పై గజాలు పోయి వెనక్కొచ్చేశాను. పూల్‌లో అరవయ్యారు లెంగ్తులు, ఇక్కడ ఒకటింపావు. అమ్మ ఏమీ అనలేదు, తువ్వాలు తల మీద వేసి గట్టిగా తుడిచింది.

మా అమ్మాయే మళ్లీ దారి చూపించింది. వెంటనే ఈదొద్దు, నిలబడి మొహం మీద, మెడ మీద నీళ్లు కొట్టుకో, తర్వాత వెల్లకిలా తేలు, రొప్పు తగ్గాక మొదలెట్టు అంది. రొప్పు రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. ఆ రెండు నిమిషాలు ఆగడమే తెలియాలి. వెట్‌సూట్ ఎలాగూ ముంచదు. గీత లేదు కాబట్టి ఆరు బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం పైకెత్తి గట్టు మీద గుర్తొకటి చూసుకోవాలి. నేను పెట్టుకున్న గుర్తు అమ్మ పసుపుపచ్చ చీర. జూన్ అంతా వారానికి రెండుసార్లు ఆవిడ తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడేది. నేను ఎటు పోతే అటు గట్టు వెంబడి నడిచేది, దాంతో నా గుర్తు కదిలిపోయి నేను వంకరగా పోయేదాన్ని. కదలొద్దమ్మా అంటే, "నువ్వు మునిగితే?" అనేది. తనకీ ఈత రాదు.

రేసు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సైకిల్ గంటా ముప్పై నాలుగు నిమిషాలు, పరుగు గంటా నాలుగు. ఈత, మధ్యలో మారే టైము అన్నీ కలిపి మూడు గంటల ముప్పై రెండు నిమిషాలు, నా వయసు ఆడవాళ్లలో చివరి నుంచి నాలుగోదాన్ని. ఎండ మండింది. ఫిబ్రవరి చీకట్లో పడ్డ పాట్లకి ఆ ఎండ నాకు పండగలా అనిపించింది.

ఈత నలభై ఆరు నిమిషాలు పట్టింది. మొదటి మలుపు దగ్గర ఎవరిదో మడమ కళ్లద్దాలకి తగిలి నీళ్లు నిండాయి. వెల్లకిలా తిరిగి తేలుతూ సరిచేసుకుని మళ్లీ బోర్లా పడ్డాను. పక్కకి తిరిగినప్పుడల్లా గాలి ఉన్నచోటే ఉంది. చెయ్యి ఇసకకి తగిలేదాకా ఈది, లేచి, తూలుతూ, టోపీ పీకేసుకుని సైకిళ్ల వైపు పరుగెత్తాను. దారికి అటూ ఇటూ తాళ్లు కట్టారు. తాడవతల పసుపుపచ్చ చీర. నేను దగ్గరికి రాగానే అమ్మ తాడు కింద నుంచి దూరి, తువ్వాలు విప్పి నాకు అడ్డంగా నిలబడింది. రేసు మధ్యలో బయటివాళ్ల సాయం తీసుకోకూడదు. వాలంటీరు కుర్రాడు రెండు చేతులూ ఊపుతూ వస్తున్నాడు, మా ఆయన వెనక నుంచి "అత్తయ్యా, అత్తయ్యా" అంటున్నాడు. నేను పక్కనుంచి తప్పుకుని పరుగు తీశాను. జడ కారుతూ వీపుకి కొట్టుకుంటోంది.

"కాస్త ఆగవే!" వెనక నుంచి అమ్మ గొంతు. "తల తుడుచుకుని పో!"